నీళ్లోసుకున్న ఏగిస చెట్లు

మొన్న ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం కూర్చుని ఉంటే, నా పక్కన ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. "మా చిన్నపిల్ల నీళ్లోసుకునిందక్కా" అంది ఒకామె. అంతే, నాకు నవ్వు ఆగలేదు. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఏందమ్మా, మా పిల్ల కడుపుతో ఉంటే నీకంత నవ్వులాటగా ఉండాదా?" అని గట్టిగానే అడిగింది. తప్పయిపోయింది తల్లీ అన్నాను. ఆ మాట వింటే మా ఫారెస్టరు సారు గుర్తొస్తారని ఆమెకు ఎలా చెప్పేది? చెబితే ఇంకా పెద్ద గొడవయ్యేది.

ఆయన పోయి కొన్నేళ్లయింది. కబురు నాకు ఆలస్యంగా అందింది. కడచూపుకు కూడా పోలేకపోయాను. ఆ బాధ ఇంకా తీరలేదు. పేరు మాత్రం రాయను. రాస్తే, "నన్ను కాగితానికి ఎక్కిస్తావామే?" అని కసురుకునే మనిషి.

తొంభైల నడుమ ఆయన మా వైపు వచ్చారు. సొంత ఊరు కలువాయి దగ్గర. భారీ మనిషి, ముందు పొట్ట వస్తే వెనక ఆయన వచ్చేవారు. మెల్లగా మాట్లాడటమంటే తెలియదు. రహస్యం చెప్పినా మా మొక్కల నర్సరీ ఈ చివర్నుంచి ఆ చివరికి వినిపించేది. ఐదుగురు కూతుళ్లు. ఏడాది పొడుగునా ఎవరో ఒక కూతురు పురిటికి వచ్చి ఇంట్లో ఉండేది. అందుకని ఆయన చేతిసంచిలో శొంఠి, బాలింత కాయం ముద్ద, పసిబిడ్డల గుడ్డలు ఎప్పుడూ ఉండేవి. ఒకసారి మడి కొలవడానికి టేపు తీయబోయి పాలపీక తీశారు. నర్సరీ ఆడవాళ్లమందరం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతుంటే, ఆయన ఏమాత్రం సిగ్గుపడకుండా దాన్ని తుడిచి లోపల పెట్టేసి, "నవ్వండి నవ్వండి, మీరు పీక లేకుండానే పెరిగినారు గదా" అన్నారు.

బయట పని కొండమీద, ఇంట్లో పని పురిటింట్లో. రెండూ ఆయన నోట్లో కలిసిపోయాయి. చెట్టు మొదటిసారి పూస్తే "సమర్తాడింది" అనేవారు. తేనెటీగలు ముసిరితే "పెళ్లిళ్ల పేరయ్యలు దిగినారు" అనేవారు. పిందె పడితే నీళ్లోసుకుంది, పిందె రాలితే కడుపు పోయింది, కాయ ముదిరితే నెలలు నిండినాయి. మొదట్లో మాకు సిగ్గేసేది. మగమనిషి అంత పచ్చిగా మాట్లాడుతుంటే తల వంచుకునేవాళ్లం. కొన్నాళ్లకు మేమూ అలాగే మాట్లాడటం మొదలుపెట్టాం, ఇంకోలా చెప్పడం మర్చిపోయాం.

నేనెవరో చెప్పలేదు కదూ. ఉదయగిరికి, ఆత్మకూరుకు నడుమ కొండ కింద ఉండే ఊళ్లో బాప్టిస్టు పల్లె మాది. వానొస్తే పంట, రాకపోతే వలస. ఏటా కాలవకు నీళ్లు వదలగానే సంగం వైపు నాట్లకు పోయేవాళ్లం. ఇంటికి తాళం, సంకన బిడ్డ, నెత్తిన మూట. అక్కడ కళ్లాల్లో గుడిసె వేసుకుని ఉండేవాళ్లం. తిరిగి వచ్చేసరికి నా కూతురి పేరు బడిలో కొట్టేసి ఉండేది. మళ్లీ రాయించేదాన్ని, మళ్లీ కొట్టేసేవాళ్లు. అది రెండో తరగతి దాటలేక అక్కడే తిరుగుతుండేది. అలాంటప్పుడు మా మహిళా సంఘానికి మొక్కల నర్సరీ ఇచ్చారు. బోడి అయిపోయిన కొండమీద మళ్లీ అడవి పెంచాలని, దానికి మేం మొక్కలు పెంచి ఇవ్వాలని ఏర్పాటు. నాలుగు అక్షరాలు వచ్చునని నన్ను లీడరును చేశారు. నర్సరీ నిలబడితే నేను నాట్లకు పోనక్కర్లేదు, నా కూతురి బడి నిలబడుతుంది. నాకు కావలసింది అంతే. అడవి మీద నాకప్పుడు ఏ ప్రేమా లేదు, అబద్ధమెందుకు.

వేప, కానుగ ఎవరైనా పెంచుతారు. మాకు ముఖ్యంగా పెంచమన్నది ఏగిస. కొండమాను అది. పసుపుపచ్చని పూలు పూస్తుంది, బెరడు గాటు పడితే నెత్తురులాంటి బంక కారుతుంది, దాని చెక్కతో చేసిన గ్లాసులో నీళ్లు పోసుకుని చక్కెర జబ్బు వాళ్లు తాగుతారు. కాయ అప్పడంలా పల్చగా గుండ్రంగా ఉండి, నడుమ బొడిపెలో గింజ ఉంటుంది. ఆత్మకూరు ఫారెస్టు బంగళా ఆవరణలో పెద్ద ఏగిస మాను ఒకటి ఉండేది. కింద కాయలు మోకాలి లోతు పడి ఉన్నాయి, ఊడ్చుకుపొమ్మన్నారు సారు. మేము పండగలా పోయి గోతాలు నింపుకుని బస్సు మీద వేసుకుని వచ్చాం. కొండెక్కే పని తప్పిందని ఎంత సంబరమో!

పోశాం. నీళ్లు పెట్టాం. వారాలు గడిచినా మడిలో కలుపు మొలిచింది కానీ ఏగిస మొలవలేదు. ఎక్కడో ఒకటీ అరా తల ఎత్తాయి, అవీ నిలవలేదు. సంఘంలో ఆడవాళ్లు నా వంక చూడటం మొదలుపెట్టారు. లీడరు చెయ్యి మంచిది కాదన్నారు ఒకరిద్దరు. నాకు ఏడుపొచ్చేది.

సారు వచ్చి మడి గట్టు మీద చతికిలబడ్డారు. మిగిలిన కాయలు తెమ్మన్నారు. ఆయనకు వక్కాకు అలవాటు. జేబులోంచి అడకత్తెర తీసి, వక్క కత్తిరించినట్టు కాయను నడిమికి కత్తిరించారు. లోపల ఏమీ లేదు. ఇంకోటి కత్తిరించారు. అదీ బోలే.

"గాలికడుపుమే ఇది. అన్నీ గాలికడుపులే" అన్నారు.

"మాను నిండా కాసింది గద సార్?"

"కాసింది. మొగుడు యాడ? ఆ బంగళా చుట్టుపక్కల ఇంకో ఏగిస ఉండాదా? ఒంటిది. దాని పుప్పొడి దానికే పడితే గింజ సరిగ్గా పట్టదు. తేనెటీగ ఇంకో మాను నుంచి పుప్పొడి మోసుకోని రావాల. నాలుగు మాన్లు ఒక తావున ఉండి, అన్నీ ఒకేసారి పూస్తేనే బిడ్డ." అని లేచి నిలబడి, అందరికీ వినపడేటట్టు, "ఊడ్చుకోపొమ్మని చెప్పింది నేను. ఈ అమ్మిని ఎవురూ ఏమీ అనబాకండి" అన్నారు.

లీడరు చెయ్యి మంచిది కాదన్న మాట ఆ రోజుతో ఆగిపోయింది. కానీ పైనుంచి ఇంకో మాట వచ్చింది. వచ్చే ఏడు కూడా మడి ఇట్లాగే ఉంటే నర్సరీ కంట్రాక్టరుకు ఇచ్చేస్తారట. సారు అది కూడా దాచకుండా చెప్పేశారు. దాచడం ఆయనకు రాదు.

మరుసటి వానల్లో మా కొండ నడిమి వాలులో ఏగిస మాన్ల గుంపు ఒకటి పూసింది. ఆ వారం సారును చూడాలి. పూత కొన్నాళ్లే ఉంటుంది, ఒక్కో పువ్వుకు ఒక్కరోజే ఆయుష్షు, ఆ లోపలే తేనెటీగలు పని కానియ్యాలని పొద్దున్నే కొండెక్కి కూర్చునేవారు. తేనెపట్టు కొట్టేవాళ్లు పొగ వేయడానికి వస్తే చేతులు పట్టుకున్నారు. "పూత అయ్యేదాకా ఆగండ్రా నాయనా, పెళ్లిలో పేరయ్యను తరుముతారా?" అని బతిమాలారు. వాళ్లు ఆగారు. ఈగలు మాత్రం ఆగలేదు, ఆయన్నే కుట్టాయి. ఒక కన్ను మూసుకుపోయి, పెదవి వాచి, మాట ముద్దగా వస్తున్నా, "కుట్టనీ. అవి రాకపోతేనే మనకు దుఃఖం" అన్నారు. ఈగ అంటే ఆయనకు చచ్చేంత భయమని నాకు తర్వాత తెలిసింది.

కొన్నాళ్లకు ఉదయగిరి బస్సు మా ఊళ్లో ఆగింది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి అరిచాడు. "సంఘం లీడరు యాడమ్మా? ఫారెస్టరు సారు చెప్పమన్నాడు! కొండమీద ఉండేది నీళ్లోసుకునిందంట! నలుగురు ఆడోళ్లను పిలుచుకోని బిరీన రమ్మన్నాడు!" రైట్ అనేసి పోయాడు.

ఊరు ఊరంతా అట్టుడికిపోయింది. నేను నర్సరీలో ఉన్నాను, నాకు చెప్పేలోపలే మా అత్త బయలుదేరింది. మా అత్త అంటే పల్లెలో సగం కాన్పులు చేసిన మనిషి. నోరు కూడా అంత పెద్దదే. "కొండమీద ఎవుర్ని పెట్టుకున్నాడే ఆ మహానుభావుడు? ఐదుగురు కూతుళ్లున్నోడికి ఇదేం పోయేకాలం!" అని తిట్టుకుంటూనే ఆముదం సీసా, పాత చీర గుడ్డలు మూట కట్టుకుంది. తిట్టడం ఒకపక్క, కాన్పు సాయం ఒకపక్క. ఆమె వెనక ఇంకో నలుగురు. నేను పరిగెత్తి కలిసేసరికి సగం కొండ ఎక్కేశారు.

సారు మాను కింద నిలబడి, తల పైకెత్తి, నోరు తెరుచుకుని చూస్తున్నారు.

"ఎవురయ్యా ఆమె? యాడుండాది?" అని అడిగింది అత్త, రొప్పుతూ.

"అదో, పైన. చూడు పెద్దమ్మా, ఎన్ని నీళ్లోసుకున్నాయో" అని కొమ్మల్లోకి చూపించారు. చిన్న చిన్న ఆకుపచ్చ పిందెలు, కొమ్మ కొమ్మకూ.

అత్త కాసేపు పిందెల వంక, కాసేపు ఆముదం సీసా వంక చూసింది. "నీ ఇల్లు బంగారం గానూ! పిందెలకా నన్ను కొండెక్కించింది?" అని అక్కడే కూలబడి నవ్వింది. ఆ నవ్వెందుకో సారుకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన నవ్వు కొండ కిందికి వినిపించి ఉంటుంది.

ఆ గుంపును కాపాడాలి. కాయ ముదిరేదాకా ఎవరూ కొమ్మ విరవకూడదు. సారు ఆ మాన్లన్నిటికీ నడుము చుట్టూ తెల్లగా సున్నం పట్టీ వేయించి, పైన నంబర్లు రాయించారు. విత్తనపు మాన్లని అందరికీ తెలియాలని. సగం మాన్లకు సున్నం తనే పూశారు. దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూసి, "ఇంక ఎవుడు ముట్టుకుంటాడో చూస్తా" అన్నారు.

కొద్దిరోజులకు నేను సాయంత్రం ఇంటికి పోతే వాకిట్లో పచ్చి కొమ్మల మోపు ఉంది. కొమ్మల నిండా లేత కాయలు. మా అత్త చేతులకు ఎర్రటి బంక.

"ఇది ఏగిస గద అత్తా? సున్నం పట్టీ ఉన్న మానుదేనా?"

"పట్టీ ఉన్నదే కొట్టినా. లేనిది కొడితే తప్పు గాని" అంది తాపీగా. "ఎట్టాగూ పొయ్యేదే గదా. ఇంకో మాను రేపు కొడతారంట, గొడ్డళ్లు సాన పెట్టుకుంటా ఉండారు."

నాకు అప్పుడు తట్టింది. సారు రాకముందు ఏడు రోడ్డు వెడల్పు చేసినప్పుడు, దారి పక్క చింతమాన్లకు ఇట్లాగే సున్నం పట్టీ వేసి నంబరు రాశారు. తర్వాత వేలం వేశారు, తర్వాత కొట్టేశారు. సున్నం పట్టీ పడిన మాను ప్రాణం పోయినట్టే అని మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలియనిది సారుకే. అప్పటికి ఆయన ఈ పక్కకు రాలేదు. నరకబాకండి అని ఆయన రాసిందాన్ని, నరుక్కోండి అని ఊరు చదువుకుంది.

ఆ రాత్రికి ఇంటింటికీ పోయి కాళ్లావేళ్లా పడి ఒక్కపూట ఆపాను. పొద్దున మొదటి బస్సుకు కబురు పెడితే, రెండో బస్సుకు సారు దిగారు. నేరుగా మా వాకిట్లోకి వచ్చి, ఆ మోపు చూసి, ఒక కొమ్మ చేతిలోకి తీసుకున్నారు. కాయ ఒకటి తుంచి పట్టుకున్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, నేను చూశాను.

"నీళ్లోసుకున్నదాన్ని నరికితివా పెద్దమ్మా? ఇన్ని కాన్పులు చేసిన చేత్తో?"

అత్త ఊరుకునే మనిషా! "నీళ్లోసుకునిందని చూపించినోడివి, మళ్లీ నువ్వే పట్టీ ఎందుకేస్తివి? కడుపుతో ఉండే ఆడదానికి మీ ఇంట్లో సున్నం పూస్తారా సారూ? గాజులు తొడుగుతారా? నువ్వు సున్నం పూస్తివి, నేను కొడితిని!"

నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఇంక కేసు రాస్తారు, అత్తను తీసుకుపోతారు, నర్సరీ కూడా పోతుంది అనుకున్నాను. సారు మంచం మీద కూర్చున్నారు. చేతిలోని కొమ్మను ఒళ్లో పెట్టుకున్నారు. చివరికి, "నిజమే పెద్దమ్మా. కేసు రాయాలంటే ముందు నా మీదే రాసుకోవాల" అని లేచి వెళ్లిపోయారు.

మర్నాడు వచ్చారు, సంచి నిండా గాజులతో. మూడో కూతురి సీమంతానికి తెచ్చి మిగిలినవి కొన్ని, ఉదయగిరి అంగట్లో కొన్నవి కొన్ని. ఆకుపచ్చవి, ఎర్రవి. తడి గోతంతో రుద్ది రుద్ది ముందు సున్నం కడిగేశారు. తర్వాత నారతాడుకు గాజులు గుచ్చి, ఒక్కో మానుకు కట్టమని మా చేతికిచ్చారు. మొదటి మానుకు మా అత్త కట్టాలన్నారు. అత్త ముందు బెట్టు చేసింది కానీ, కట్టేటప్పుడు ఆ నరికిన మాను మోడు వంక చూసి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఊళ్లోవాళ్లు సగంమంది చూడటానికి వచ్చారు. చెట్లకు గాజులేంది, ఇది మనం చేసే పనేనా అని మా పాస్టరయ్య కొంచెం నసిగాడు. "నా కోడలికి గాజులు తొడిగిననాడు ప్రార్థన చేసింది నువ్వే గదయ్యా. ఇప్పుడూ చెయ్" అంది అత్త. ఆయన చేశాడు. కాయ నిలవాలని, చిన్న ప్రార్థనే అయినా, అందరం ఆమెన్ అన్నాం. సారు అందరికంటే గట్టిగా అన్నారు.

ఆ తర్వాత ఆ మాన్ల మీద ఎవరూ గొడ్డలి ఎత్తలేదు. మేకల వాళ్లు కూడా వాటి ఆకు కొయ్యడం మానేశారు. కడుపుతో ఉన్నదాన్ని కొట్టేదెవరు?

ఆ ఏడు కూడా నేను నాట్లకు పోక తప్పలేదు. నా కూతురి పేరు మళ్లీ కొట్టేశారు. సంగం పొలాల్లో నడుము వంచి నాటుతున్నంతసేపూ నాకు ఆ మాన్లే గుర్తు. గాలికి గాజులు పగులుతున్నాయేమో, ఎవరైనా ఎక్కారేమో అని.

చలి తగ్గి కాయలు ఎండాక, కోసి చాటల్లో పోశాం. పై ఆఫీసరు జీపులో వచ్చాడు. గింజ ఉంటే నర్సరీ మాది, లేకపోతే లేదు. సారు అడకత్తెర నా చేతికిచ్చి, "నువ్వే కొయ్యిమే. నా వల్ల కాదు" అని దూరంగా పోయి, పురిటిగది బయట మొగుడు తిరిగినట్టు అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆఫీసరు ఒక కాయ తీసి ఇచ్చాడు. కత్తిరించాను. బోలు. ఆడవాళ్లంతా చాట దగ్గరికి జరిగారు. ఇంకోటి ఇచ్చాడు. కత్తిరించాను. లోపల గోధుమరంగు గింజ, వంకీ తిరిగి, నిగనిగలాడుతూ. తర్వాతిది కూడా గింజే. ఆ తర్వాతది కూడా. నడుమ ఒకటీ రెండు బోలువి వచ్చినా, చాలావాటిలో గింజ ఉంది.

"స్తోత్రం ప్రభువా!" అంది మా అత్త.

సారు అటునుంచే కేకేశారు. "ఏందిమే? ఏం పుట్టింది?"

"బిడ్డే సార్!" అన్నాను.

ఆఫీసరుకు మా మాటలేమీ అర్థం కాలేదు. నర్సరీ మీ దగ్గరే ఉంటుంది అని మాత్రం చెప్పి జీపెక్కాడు.

మేము గింజలు పోసేలోపలే సారుకు బదిలీ అయింది. మొలకలు ఆయన చూడలేదు. వానలు పడ్డాయి, కాలవకు నీళ్లు వదిలారు. నాట్లకు కూలీలను తోలుకుపోయే మేస్త్రీ లారీ తెచ్చి ఊళ్లో ఆపి, ఎప్పటిలాగే ఒక్కొక్కరి పేరూ పిలిచాడు. నా పేరు పిలిచినప్పుడు నేను ఏగిస మొక్కల సంచుల్లో కలుపు తీస్తున్నాను. మట్టి చేతులతోనే బయటికి వచ్చి, "నేను రానన్నా" అన్నాను. పెళ్లయినప్పటి నుంచి ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఆ మాట సారుకు చెప్పాలనిపించింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, సెలవునాడు ఇంట్లోనే ఉంటారని, బస్సులు మారి కలువాయి దగ్గరున్న ఆయన ఊరికి పోయాను. ఇల్లు వెతుక్కోనక్కర్లేకపోయింది, సందు మొదట్లోనే ఆయన గొంతు వినిపించింది. మనవణ్ణి ఎత్తుకుని వరండాలో తిరుగుతున్నారు. నేను అలవాటు కొద్దీ మెట్ల కిందే ఆగిపోయాను. అలాంటి ఇళ్లముందు మావాళ్లం ఎక్కడ నిలబడాలో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నన్ను చూసి ఆయన కంగారుపడ్డారు. "ఏందిమే, ఇంత దూరమొచ్చినావు? మొక్కలు చచ్చినాయా?"

"లేదు సార్. బాగుండాయి. మేస్త్రీ వచ్చినాడు. రానని చెప్పినా. అది చెప్పిపోదామని వచ్చినా."

"బిడ్డ?"

"బడికి పోతా ఉండాది సార్. ఈసారి పేరు కొట్టేయలా."

మనవణ్ణి ఇంకో భుజం మీదికి మార్చుకున్నారు. తర్వాత లోపలికి తిరిగి, వీధంతా వినపడేటట్టు, "ఏమే, ఇంకో ఆకెయ్యి! అమ్మాయి వచ్చుండాది" అని కేకేశారు. నేను ఇంకా కిందే నిలబడి ఉండటం చూసి, "ఆడ నిలబడతావేంది? రా లోపలికి" అని కసురుకున్నారు.

కాళ్లు కడుక్కుని లోపలికి పోయి, ఆయన కూతుళ్ల వరసలో కూర్చుని అన్నం తిన్నాను.